ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల చుట్టరికాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతాను. క్లాసులో అడిగేవి, క్లాసు అయ్యాక వాట్సాప్‌లో అడిగేవి, ఊరికి వెళ్తే మా వాళ్లు అడిగేవి అన్నీ కలిపి ఇక్కడ పెడుతున్నా. ఆర్‌ఎన్‌ఏ వైరస్ అంటే జన్యుపదార్థంగా డీఎన్‌ఏ బదులు ఆర్‌ఎన్‌ఏ ఉన్నది, డెంగీ, ఫ్లూ, కరోనా లాంటివి. ఒక వరసలో చదవాల్సిన పనిలేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

వైరస్‌లకు శిలాజాలు లేవు కదా, ఏది దేనికి చుట్టమో ఎలా చెబుతారు?

ఎముకలు, గుల్లలు లాంటివి లేవు, నిజమే. ఉన్నదల్లా జన్యువుల్లోని అక్షరాల వరస. రెండు వైరస్‌లలో ఒకే పని చేసే జన్యువును తీసుకుని, వరసలు పక్కపక్కన పేర్చి, ఎక్కడెక్కడ కలుస్తున్నాయో ఎక్కడ తేడా పడుతోందో చూస్తారు. తేడాలు తక్కువుంటే ఈ మధ్యే విడిపోయాయని, ఎక్కువుంటే ఎప్పుడో విడిపోయాయని లెక్క. ఒకే పాఠాన్ని ఒకరి నోట్సు చూసి ఇంకొకరు రాసుకుంటూ పోతే తప్పులు కూడా వారసత్వంగా వస్తాయి కదా, ఎవరి తప్పులు ఎవరితో కలిశాయో చూసి ఎవరు ఎవరిది కాపీ కొట్టారో నేను చాలాసార్లు పట్టుకున్నాను. ఇదీ అదే పద్ధతి, కాకపోతే కంప్యూటర్ చేస్తుంది.

శిలాజాలు అసలు లేవనడం కూడా పూర్తిగా సరికాదు లెండి. కొన్ని వైరస్‌లు జంతువుల జీనోమ్‌లోకి (మొత్తం జన్యుపదార్థంలోకి) దూరి అక్కడే ఉండిపోయాయి. మన జీనోమ్‌లో దాదాపు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల (హెచ్‌ఐవీ రకం వైరస్‌ల) శిథిలాలే. రెట్రోవైరస్ కాని బోర్నావైరస్‌ల ముక్కలు కూడా మనలో ఉన్నాయని 2010లో బయటపడింది. కోతుల వంశంలోకి అవి దూరి 4 కోట్ల ఏళ్లు అయ్యుంటుందని అంచనా.

అన్నీ వదిలేసి ఆ ఒక్క పాలిమరేజ్ జన్యువునే ఎందుకు పట్టుకుంటారు?

ఎందుకంటే దాదాపు అన్నిటిలో ఉండేది అదొక్కటే. పైన తొడుక్కునే ప్రొటీన్ తొడుగు ఒక్కో వైరస్‌కి ఒక్కోలా ఉంటుంది, ఒకదాని దగ్గర ఇంకొకటి అరువు తెచ్చుకుంటుంది, కొన్నిటికి తొడుగే ఉండదు. కానీ ఆర్‌ఎన్‌ఏని చూసి ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్ మన కణాల్లో లేదు కాబట్టి, మనలోకి వచ్చే ఆర్‌ఎన్‌ఏ వైరస్ తన మిషన్ తను తెచ్చుకోవాల్సిందే. దాన్నే ఆర్‌డీఆర్‌పీ అంటారు, మేము క్లాసులో ఊరికే పాలిమరేజ్ అనేస్తాం.

దీని ఆకారం కుడిచెయ్యిలా ఉంటుంది: వేళ్లు, అరచెయ్యి, బొటనవేలు. అసలు రసాయన పని జరిగేది అరచేతిలో. అక్కడ గ్లైసిన్, ఆస్పార్టేట్, ఆస్పార్టేట్ అనే మూడు అమైనో ఆమ్లాల వరస ఒకటి ఉంటుంది, పోలియోలో ఉంది, డెంగీలో ఉంది, మొక్కల వైరస్‌లలో ఉంది. కరోనాలో గ్లైసిన్ బదులు సెరీన్ వచ్చింది, రేబిస్, తట్టు వైరస్‌లలో చివరి ఆస్పార్టేట్ పోయి ఆస్పరజీన్ వచ్చింది. అంతే తేడా. ఆ చోటు ఎక్కువ మారితే కాపీ ఆగిపోతుంది, వైరస్ అక్కడితో సరి. అందుకే చుట్టుపక్కలంతా గుర్తుపట్టలేనంత మారిపోయినా ఆ అరచెయ్యి మాత్రం మిగిలింది.

ఇంటర్లో బాల్టిమోర్ వర్గీకరణ చదివాం. అది తప్పా?

తప్పు కాదు, దాని పని వేరు. డేవిడ్ బాల్టిమోర్ 1971లో అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: లోపలున్న జన్యుపదార్థం నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి కణం చదివే కాపీ) దాకా వైరస్ ఏ దారిలో వెళ్తుంది? రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ అయితే మూడో గుంపు, నేరుగా చదవగలిగే పాజిటివ్ పోగు అయితే నాలుగు, తిరగేసి రాసుకోవాల్సిన నెగటివ్ పోగు అయితే ఐదు, ఆర్‌ఎన్‌ఏ నుంచి వెనక్కి డీఎన్‌ఏ రాసుకునే, అంటే రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్ చేసే రెట్రోవైరస్ అయితే ఆరు. పరీక్షకి ఇది చాలు, ల్యాబ్‌లోనూ రోజూ పనికొస్తుంది.

కానీ ఇది పని తీరును బట్టి చేసిన పంపకం, రక్తసంబంధాన్ని బట్టి చేసింది కాదు. ఊళ్లో కుమ్మరం చేసేవాళ్లంతా ఒక తాతకి పుట్టినవాళ్లని ఎవరూ అనుకోరు కదా. పాలిమరేజ్ చెట్టు వేసి చూస్తే నెగటివ్ పోగు వైరస్‌లు మాత్రం నిజంగానే ఒకే కొమ్మ మీదికి వచ్చాయి. రెండు పోగుల వాటి కథ అడ్డం తిరిగింది. రోటావైరస్ వాళ్లు ఒక కొమ్మ మీద ఉంటే, మొక్కల్లో శిలీంధ్రాల్లో ఉండే పార్టిటీవైరస్‌లు పోలియో, కరోనా ఉన్న కొమ్మ మీదికి వెళ్లి కూర్చున్నాయి. అంటే రెండు పోగులతో బతకడం అనేది ఒక్కసారి కాదు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా జరిగింది.

అయితే ఇప్పుడు ఎన్ని కొమ్మలు? ఎవరెవరు ఎక్కడ?

పరిణామ శాస్త్రవేత్త యూజీన్ కూనిన్ బృందం 2018లో 4,617 పాలిమరేజ్‌లు పెట్టి ఒక పెద్ద చెట్టు వేసింది. అందులో ఐదు పెద్ద కొమ్మలు వచ్చాయి. తర్వాత అవే అధికారికంగా ఐదు వర్గాలయ్యాయి (వర్గం కింద వరసగా విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి వస్తాయి). వీటన్నిటినీ కలిపి ఆర్థోర్నావిరే అనే రాజ్యం, దాని పక్కన రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వాడే వాళ్ల కోసం పారార్నావిరే అనే ఇంకో రాజ్యం, రెంటికీ పైన రైబోవిరియా అనే రెల్మ్. రెల్మ్ అంటే రాజ్యం కన్నా పై మెట్టు. దీనికి మంచి తెలుగు మాట నాకు దొరకలేదు, అందుకే అలాగే వదిలేశా.

ఐదింటినీ తొందరగా చెప్పేస్తా. లెనార్విరికోటాలో ఎక్కువగా బాక్టీరియాను పట్టే చిన్న వైరస్‌లు, శిలీంధ్రాల్లో తొడుగు కూడా లేకుండా బతికేసేవి ఉన్నాయి. బాక్టీరియాను పట్టే ఎంఎస్2 ఇక్కడిదే, 1976లో మొత్తం జీనోమ్ చదివిన మొట్టమొదటి వైరస్ అది, 3,569 అక్షరాలు. పిసువిరికోటాలో పోలియో, జలుబు తెచ్చే రైనోవైరస్, కరోనా, బొప్పాయి రింగ్‌స్పాట్. కిట్రినోవిరికోటాలో డెంగీ, మెదడువాపు, హెపటైటిస్ సీ, చికున్‌గున్యా, పొగాకు మొజాయిక్. డూప్లోర్నావిరికోటాలో పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్, గొర్రెలకి వచ్చే నీలినాలుక. నెగార్నావిరికోటాలో ఫ్లూ, తట్టు, రేబిస్, నిపా, ఎబోలా. ఈ మధ్య ఆంబివిరికోటా అని ఆరోది కూడా కలిసింది, అది శిలీంధ్రాల వైపు వ్యవహారం, మనకి ప్రస్తుతానికి అక్కర్లేదు.

డెంగీ, చికున్‌గున్యా రెండూ ఒకే దోమతో వస్తాయి, జ్వరం, ఒళ్లునొప్పులూ ఒకేలా ఉంటాయి. దగ్గరి చుట్టాలేనా?

కాదు. అందరూ తప్పు చెప్పే ప్రశ్న ఇదే. ఒకే బస్సులో వచ్చినంత మాత్రాన అన్నదమ్ములు అయిపోరు. ఒకే వర్గంలో ఉన్నమాట నిజమే కానీ ఆ కింద విభాగం దగ్గరే దారులు విడిపోయాయి. డెంగీకి దగ్గరివాళ్లు జికా, మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్, ఎల్లో ఫీవర్. ఇవన్నీ ఒకే ప్రజాతి. చికున్‌గున్యా ఆల్ఫావైరస్‌లలోది.

ఆ ఆల్ఫా అనే పేరు వెనక చిన్న చరిత్ర ఉంది. జన్యువులు చదవడం తెలియని రోజుల్లో దోమలతో వచ్చే వైరస్‌లను రక్తంలోని యాంటీబాడీల పరీక్షలతో గ్రూప్ ఏ, గ్రూప్ బీ అని విడదీశారు. గ్రూప్ ఏ తర్వాత ఆల్ఫావైరస్ అయింది, గ్రూప్ బీ ఫ్లావివైరస్ అయింది. పాత పరీక్ష అయినా ఆ పంపకం సరిగ్గానే వచ్చింది, ఎందుకంటే యాంటీబాడీలు గుర్తుపట్టేది ప్రొటీన్ ఆకారాన్ని, ఆకారం చుట్టరికాన్ని బట్టి వస్తుంది. ఇప్పటికీ ఇది టెస్టు రిపోర్టులో కనిపిస్తుంది: మెదడువాపు టీకా వేయించుకున్నవాళ్లకి డెంగీ ఐజీజీ (రక్తంలో యాంటీబాడీలు చూసే) పరీక్ష అనవసరంగా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది, చికున్‌గున్యా మాత్రం అలా డెంగీ పరీక్షను గందరగోళం చేయదు.

మరి చికున్‌గున్యాకి చుట్టాలెవరు? మార్టెల్లివిరాలిస్ అనే క్రమంలో దానితోపాటు ఉన్నవాటిలో చాలావరకు మొక్కల వైరస్‌లు. పొగాకు మొజాయిక్ అందులోదే. టొబాకో స్ట్రీక్ అనేది కూడా అందులోదే, ఇది నాకు సొంత వ్యవహారం. 2000లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేలకి కాండం కుళ్లు తెగులు వచ్చింది, సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్లు దాటింది. అందులో మా నాయన చేను కూడా ఉంది. తామర పురుగులు వయ్యారిభామ పుప్పొడిని మోసుకొచ్చి ఆకుల మీద రాల్చడం వల్ల వచ్చింది అది. మళ్లీ 2006లో చికున్‌గున్యా రాయలసీమ అంతా తిరిగినప్పుడు మా నాయన మోకాళ్లు పట్టేసి, రెండు నెలలు గోడ పట్టుకుని లేచాడు. ఆరేళ్ల తేడాలో చేనుని పడగొట్టిందీ మనిషిని పడగొట్టిందీ ఒకే క్రమంలోని వైరస్‌లని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. డెంగీ ఆ క్రమంలో లేదు!

హెపటైటిస్ ఏ, బీ, సీ, డీ, ఈ ఒకే వైరస్‌లో రకాలేనా?

పేరు చూస్తే ఐదుగురు అన్నదమ్ముల్లా ఉంటారు. హెపటైటిస్ అంటే కాలేయం వాపు, అంతే, అది జబ్బు పేరు, వంశం పేరు కాదు. ఏ అనేది పోలియో కుటుంబం. సీ డెంగీ వైపు. ఈ అనేది చికున్‌గున్యా, రుబెల్లా ఉన్న విభాగం. బీ లోపల ఉండేది డీఎన్‌ఏ, అయినా అది కాపీ చేసుకునే దారిలో ఆర్‌ఎన్‌ఏగా మారి, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌తో మళ్లీ డీఎన్‌ఏ అవుతుంది కాబట్టి హెచ్‌ఐవీ ఉన్న పారార్నావిరే రాజ్యంలో కూర్చోబెట్టారు. డీ అయితే ఈ చెట్టు మీదే లేదు. సుమారు 1,700 అక్షరాల గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ, సొంత పాలిమరేజ్ లేదు, మన కణం మిషన్‌నే మోసం చేసి వాడుకుంటుంది, పైతొడుగు హెపటైటిస్ బీ దగ్గర అడుక్కుంటుంది. దానికి రైబోజైవిరియా అని వేరే రెల్మే పెట్టాల్సి వచ్చింది.

అందుకే ఏ టీకా వేయించుకుంటే సీ రాకుండా ఉండదు. బీ టీకా వేయించుకుంటే మాత్రం డీ కూడా ఆగుతుంది, అది చుట్టరికం వల్ల కాదు, తొడుగు అప్పు ఇచ్చేవాడు లేకపోవడం వల్ల.

పంటలకి వచ్చే వైరస్‌లు కూడా ఈ చెట్టులోకే వస్తాయా?

చాలావరకు వస్తాయి. వరిలో టుంగ్రో తెగులు మంచి ఉదాహరణ, ఎందుకంటే అది ఒక వైరస్ కాదు, ఇద్దరు కలిసి చేసే పని. గుండ్రంగా ఉండేది ఆర్‌ఎన్‌ఏ వైరస్, అది పోలియో ఉన్న క్రమంలోనే ఉంది. కడ్డీలా ఉండేది డీఎన్‌ఏ మోసుకొచ్చినా రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్ చేసుకునే రకం, హెపటైటిస్ బీ, హెచ్‌ఐవీల రాజ్యం. మొక్క గిడసబారి పసుపెక్కడం ముఖ్యంగా కడ్డీ రకం పని, కానీ పచ్చ దీపపు పురుగు మీద ఎక్కి ఊరేగాలంటే దానికి గుండ్రటి దాని సాయం కావాలి.

వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు తెచ్చేది ఇంకో కొమ్మ, నెగటివ్ పోగు వాళ్లు. పటాన్‌చెరు దగ్గరున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో దీని మీద చాలా పని జరిగింది. దీని చుట్టాల్లో క్రిమియన్ కాంగో జ్వరం, హంటావైరస్ ఉన్నాయి. మొవ్వుకుళ్లు, కాండం కుళ్లు రెండూ ఒకే పంట, రెండిటికీ తామర పురుగులే కారణం, చూడ్డానికి లక్షణాలు కూడా దగ్గరగానే ఉంటాయి, కానీ వర్గాలే వేరు.

బెండలో, మినుములో పల్లాకు తెగులు, మిరపలో, టమాటాలో ఆకుముడత తెచ్చే జెమినీవైరస్‌లు డీఎన్‌ఏ వైరస్‌లు. అవి ఈ పేజీలోకి రావు.

2019 చివర్లో బయటపడ్డ కొత్త కరోనాకి, 2003 నాటి పాత సార్స్ పేరుకి 2 తగిలించి ఎందుకు పెట్టారు?

జబ్బు తీరు చూసి కాదు. కరోనావైరస్‌లలో కాపీ మిషన్‌కి సంబంధించిన కొన్ని మారని భాగాలను పోల్చి, అమైనో ఆమ్లాలు 90 శాతం కన్నా ఎక్కువ కలిస్తే ఒకే జాతి అనే నియమం ముందే ఉంది. మొత్తం జీనోమ్ చూస్తే పాత సార్స్‌కి దీనికి 79 శాతమే పోలిక, కానీ ఆ మారని భాగాల్లో 90 దాటింది. కాబట్టి జాతి అదే, సభ్యుడు కొత్త. 2020 ఫిబ్రవరి 11న వైరస్‌కి సార్స్-కోవ్-2 అని, అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుకి కోవిడ్-19 అని పేర్లు బయటపెట్టారు. ఆ జాతి మొత్తానికీ ఇప్పుడు బీటాకరోనావైరస్ పాండెమికమ్ అని పేరు. అందులో మనుషుల్లో తిరిగినవి రెండే, మిగతావన్నీ ముఖ్యంగా గబ్బిలాల్లోనివి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు, కరోనా అంటే కిరీటం అని తెలిసినప్పుడల్లా నాకు ఆ సామెతే గుర్తొస్తుంది.

డెల్టా, ఒమిక్రాన్ ఈ వర్గీకరణలో ఎక్కడ వస్తాయి? అప్పట్లో ఏపీ స్ట్రెయిన్ అన్నారు కదా?

రావు. అధికారిక వర్గీకరణ జాతి దగ్గర ఆగిపోతుంది. దాని కింద వేరియంట్లు, లైనేజీలు (ఉపశాఖలు), సీరోటైపులు (యాంటీబాడీల పరీక్షతో విడదీసే రకాలు) అన్నీ ఆయా రంగంలో పనిచేసేవాళ్లు సౌకర్యం కోసం పెట్టుకునే పేర్లు. బీ.1.617.2 అనేది పాంగో అనే పద్ధతిలో పేరు, దాన్నే జనం పలకడానికి వీలుగా డెల్టా అన్నారు, 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరాలు పెట్టాక. డెంగీలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అనేవి కూడా ఇలాగే సీరోటైపులు, నాలుగూ ఒకే జాతి.

ఏపీ స్ట్రెయిన్ అనే పేరు మీద 2021 మేలో టీవీల్లో జరిగిన హడావిడి గుర్తుంటే, అది ఎన్440కే అనే ఒక్క మార్పు చుట్టూ అల్లినది. పదిహేను రెట్లు ప్రమాదం అని స్క్రోలింగ్‌లు వేశారు, పక్క రాష్ట్రాల్లో మనవాళ్లని చూసి టెన్షన్ పడ్డారు. అప్పటికే ఆ మార్పు ఉన్న వైరస్ తగ్గిపోతోందని, డెల్టా దాని చోటు తీసుకుంటోందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు. స్పైక్‌లో (వైరస్ పైనుండే ముల్లు ప్రొటీన్‌లో) ఒక అక్షరం మారితే కొత్త వంశం పుట్టినట్టు కాదు. అదే మార్పు వేర్వేరు లైనేజీల్లో విడివిడిగా కూడా వస్తుంది.

ఈ నోరు తిరగని పేర్లు ఎవరు పెడతారు?

ఐసీటీవీ అనే అంతర్జాతీయ కమిటీ. 1966లో మాస్కోలో జరిగిన మైక్రోబయాలజీ సభల్లో మొదలైంది. ఒక్కో కుటుంబానికి ఒక స్టడీ గ్రూప్ ఉంటుంది, ప్రతిపాదన వస్తుంది, చర్చ జరుగుతుంది, ఏటా ఓటు పెట్టి ఖాయం చేస్తారు. పాత రోజుల్లో కుటుంబం, ప్రజాతి, జాతి, అక్కడక్కడ క్రమం, ఉపకుటుంబం, అంతే ఉండేవి. ఇప్పుడు పదిహేను మెట్లు. 2021 నుంచి జాతి పేరు మొక్కలకి జంతువులకి ఉన్నట్టు రెండు మాటల్లో ఉండాలని పెట్టారు. అందుకే డెంగీ ఆర్థోఫ్లావివైరస్ డెంగీఐ అయింది, నిపా హెనిపావైరస్ నిపాహెన్సే అయింది. ల్యాబ్‌లో, ఆస్పత్రిలో మాత్రం డెంగీ వైరస్, నిపా వైరస్ అనే అనొచ్చు, అది జాతి పేరు కాదు, వైరస్ పేరు. ఈ రెండూ కలిపేసి పరీక్షలో రాస్తే నేను అర మార్కు కట్ చేస్తా.

పేరు చివర చూస్తే మెట్టు తెలుస్తుంది: విరిడే అని ముగిస్తే కుటుంబం, విరాలిస్ అయితే క్రమం, విరిసీటీస్ అయితే విభాగం, విరికోటా అయితే వర్గం. డెంగీ వైపు వెళ్లి చూడండి, ఫ్లావి అంటే లాటిన్‌లో పసుపు, పైన క్రమం అమరిల్లోవిరాలిస్, అమరిల్లో స్పానిష్‌లో పసుపు, ఇంకా పైన వర్గం కిట్రినోవిరికోటా, కిట్రినోస్ గ్రీకులో పసుపు. అంతా ఎల్లో ఫీవర్ పుణ్యం. ఎవరో బాగా తీరిగ్గా కూర్చుని పెట్టినట్టున్నారు.

ఈ చెట్టుని ఎంతవరకు నమ్మొచ్చు?

కింది కొమ్మల్ని బాగా నమ్మొచ్చు, పైకి పోయేకొద్దీ జాగ్రత్త. ఒకే కుటుంబంలో పోలికలు స్పష్టంగా ఉంటాయి, ఎవరు చెట్టు వేసినా దాదాపు అదే వస్తుంది. వర్గాల మధ్యకి వచ్చేసరికి పాలిమరేజ్‌లో అమైనో ఆమ్లాల పోలిక పది శాతం దాకా పడిపోతుంది. అంత తక్కువ పోలికతో ఏది దేని పక్కన పేర్చాలన్నదే ఊహ అయిపోతుంది, పేర్పు మారితే చెట్టు మారుతుంది. 1996లోనే వైరస్‌ల పరిణామం మీద పనిచేసే పాలో జనోట్టో, ఎడ్వర్డ్ హోమ్స్ తదితరులు ఇంత దూరపు చుట్టరికాలు ఈ జన్యువుతో తేల్చలేమని రాశారు. 2018 చెట్టు వచ్చాక కూడా హోమ్స్ అదే అభ్యంతరం చెప్పాడు. నా వరకు నేను హోమ్స్ వైపే కొంచెం మొగ్గుతాను. ఐదు గుంపులున్నాయన్నది సరే, ఆ ఐదింటిలో ఎవరు ముందు పుట్టారన్నది మాత్రం క్లాసులో బోర్డు మీద గీతలు గీసి చెప్పను.

రెండో చిక్కు జన్యువుల మార్పిడి. లూటియోవిరిడే అని ఒక కుటుంబం ఉండేది, బార్లీ పసుపు మరుగుజ్జు తెగులు తెచ్చేవాళ్లు, తొడుగు ప్రొటీన్ చూస్తే అన్నీ ఒక్కటే. పాలిమరేజ్ చూస్తే కొన్ని పిసువిరికోటా, కొన్ని కిట్రినోవిరికోటా! చొక్కా ఒకటే, మనుషులు వేరు. చివరికి ఆ కుటుంబాన్నే రద్దు చేసి సగం అటు, సగం ఇటు పంపేశారు. దీని మీద నాకొక అభ్యంతరం ఉంది: పాలిమరేజ్ ఎటు పోతే వైరస్ మొత్తం అటే అనడం ఒక ఒప్పందం మాత్రమే. తొడుగుకి కూడా ఒక చరిత్ర ఉంది, దానికీ ఒక చెట్టు ఉంటుంది, ఆ చెట్టు ఈ చెట్టుతో కలవదు.

ఫ్లూ, రోటా లాంటివి ఇంకోరకం. వాటి జీనోమ్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒకే కణంలోకి రెండు రకాలు దూరితే పేకముక్కల్లా కలిసిపోతాయి. అందుకే ఫ్లూలో ఒక్కో ముక్కకి విడిగా చెట్టు వేస్తారు.

రుబెల్లాని వేరే కుటుంబంలోకి ఎందుకు మార్చారు? మా పాత పుస్తకంలో టోగావిరిడే అనే ఉంది.

మీ పుస్తకం పాతదే, సమస్య అంతే. రుబెల్లా రేణువు చూడ్డానికి చికున్‌గున్యా కుటుంబంలా ఉంటుంది కాబట్టి అందులో పెట్టారు, పాలిమరేజ్ మాత్రం హెపటైటిస్ ఈ వైపు దగ్గర. ఇప్పుడు మాటోనావిరిడే అని సొంత కుటుంబం ఇచ్చారు. 1814లో ఈ జబ్బు తట్టు కాదు, వేరే అని చెప్పిన డాక్టర్ జార్జ్ మాటన్ పేరు అది. చాలాకాలం దానికి చుట్టమే లేదనుకున్నారు. 2020లో ఉగాండా గబ్బిలాల్లో ఒకటి, జర్మనీలో జూ జంతువుల్లో ఒకటి దొరికాయి.

ఏ వైరస్ ఎప్పుడు పుట్టిందో కూడా చెట్టు చెబుతుందా?

చెబుతుంది, కానీ మార్పులు చేరే వేగాన్ని గడియారంగా వాడతారు, ఆ గడియారం అన్ని కాలాల్లో ఒకే వేగంతో తిరగదు. ఈ మధ్య నమూనాలతో కొలిస్తే వేగం ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే త్వరలో చచ్చిపోబోయే చెడ్డ మార్పులు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ వేగంతో వెనక్కి లెక్కేస్తే పుట్టిన తేదీ మరీ ఈమధ్యది అయిపోతుంది. తట్టు వైరస్‌నే చూడండి. పశువుల రిండర్‌పెస్ట్ నుంచి అది విడిపోయింది 11, 12 శతాబ్దాల్లో అని ఒకప్పటి లెక్క. 2020లో బెర్లిన్‌లో భద్రపరిచిన 1912 నాటి ఊపిరితిత్తి నమూనా నుంచి వైరస్ జీనోమ్ బయటికి తీసి, గడియారాన్ని సరిచేసి చూస్తే క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం దాకా వెళ్లింది. పెద్ద నగరాలు పుట్టిన రోజులకి అది సరిపోతుంది, తట్టు ఆగకుండా తిరగాలంటే లక్షల్లో జనం ఒకచోట ఉండాలి కదా. రిండర్‌పెస్ట్ భూమ్మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు, దాని చుట్టం మాత్రం మన పిల్లల్ని ఇంకా వదల్లేదు.

లక్షల కొత్త వైరస్‌లు దొరికాయని వార్తల్లో వస్తుంది. భయపడాలా?

అక్కర్లేదు. అవి కొత్తగా పుట్టినవి కాదు, కొత్తగా చూసినవి. 2016లో షి మాంగ్, జాంగ్ యోంగ్‌జెన్ బృందం చైనాలో పురుగులు, సాలీళ్లు, నత్తలు లాంటి 220కి పైగా వెన్నెముక లేని జీవుల్ని నూరి చూస్తే 1,445 కొత్త ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు దొరికాయి. అప్పటిదాకా చెట్టులో ఖాళీగా ఉన్న చోట్లు చాలావరకు నిండాయి. 2022లో సెరాటస్ ప్రాజెక్టు వాళ్లు అసలు ల్యాబ్‌కే వెళ్లలేదు, ప్రపంచంలో ఎవరెవరో ఇంతకుముందే చదివి పెట్టేసిన 57 లక్షల నమూనాల డేటాలో పాలిమరేజ్ అరచెయ్యి ఒక్కటే వెతికి 1,30,000కి పైగా కొత్తవి పట్టారు. వీటిలో అత్యధికం మనిషి జోలికి వచ్చేవి కావు. వైరస్‌ని కంటితో చూడకుండా, పెంచకుండా వరస మాత్రమే ఉంటే పేరు పెట్టొచ్చా అనే గొడవ కొంతకాలం నడిచింది. 2017లో పెట్టొచ్చని ఒప్పుకున్నారు. లేకపోతే ఈ పనికి ఇంకో వెయ్యేళ్లు పట్టేది.

ప్రాజెక్ట్ కోసం నేనే చెట్టు వేయొచ్చా?

హాయిగా వేయొచ్చు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జన్యు డేటాబ్యాంకు) సైట్ నుంచి వరసలు ఉచితంగా దించుకోండి, మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో పేర్చండి, ఐక్యూ-ట్రీ అనే ప్రోగ్రామ్‌తో చెట్టు వేయండి. రెండూ ఉచితమే. పిల్లలు ఏటా చేసే తప్పులు మాత్రం చెబుతా. దూరపు కుటుంబాల్ని పోల్చేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు పెడతారు, అవి ఎప్పుడో కలగాపులగం అయిపోయి ఉంటాయి, ప్రొటీన్ వరస పెట్టండి. కరోనా ముప్పై వేల అక్షరాల జీనోమ్‌ని పోలియో ఏడున్నర వేల జీనోమ్ పక్కన మొత్తంగా పేర్చడానికి చూస్తారు, చెయ్యకండి, పాలిమరేజ్ ముక్క మాత్రం కత్తిరించుకోండి. బయటి గుంపు (మిగతా అన్నిటికీ దూరపు చుట్టమైన వైరస్) ఒకటి పెట్టడం మరిచిపోతారు, అది లేకపోతే చెట్టుకి వేరు ఎక్కడో తెలియదు. చెట్టు గీశాక పైనా కిందా పక్కపక్కన ఉన్న పేర్లు చూసి దగ్గరి చుట్టాలు అనేస్తారు. కొమ్మని బొంగరంలా తిప్పినా అర్థం మారదు, చూడాల్సింది రెండూ ఏ ముడి దగ్గర కలుస్తున్నాయన్నది. ఆ ముడి మీద బూట్‌స్ట్రాప్ అంకె (ఆ ముడిని ఎంత నమ్మొచ్చో వందకి చెప్పేది) 40 ఉంటే దాని గురించి రిపోర్టులో పేరా రాయొద్దు.

చుట్టాలైతే ఒకే మందు పనిచేస్తుందా?

కొంతవరకు. ఆర్‌డీఆర్‌పీ మనలో లేదు, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో దాదాపు అన్నిటిలో దాని అరచెయ్యి ఒకేలా ఉంది, కాబట్టి మందు తయారు చేసేవాళ్ల గురి కూడా దాని మీదే. రెమ్డెసివిర్‌ని ముందు ఎబోలా మీద పరీక్షించారు, ఎబోలా నెగటివ్ కొమ్మ, తర్వాత పాజిటివ్ కొమ్మలో ఉన్న కరోనాకి వాడారు, అరచెయ్యి ఒకే తీరు కాబట్టే ఆ ప్రయత్నం చేయగలిగారు. ఫావిపిరావిర్ జపాన్‌లో ఫ్లూకి వచ్చిన మందు, 2020లో మన మెడికల్ షాపుల్లో కోవిడ్‌కి తెగ అమ్ముడుపోయింది, పెద్దగా ఫలితం ఉన్నట్టు తేలలేదు. హెపటైటిస్ సీకి వచ్చిన సోఫోస్బువిర్ మాత్రం దాని పాలిమరేజ్‌ని అచ్చంగా పట్టేస్తుంది, జబ్బునే తగ్గించేస్తుంది. టీకాలు పాలిమరేజ్ మీద కాదు, బయటి తొడుగు మీద పనిచేస్తాయి కాబట్టి వాటికి మరీ దగ్గరి చుట్టరికం కావాలి.

శెనక్కాయ తెగులూ చికున్‌గున్యా చుట్టాలని మా నాయనకి చెప్పినప్పుడు ఆయన అడిగింది కూడా ఇదే. అయితే ఆ యేడు చేనికి కొట్టిన మందు నా మోకాళ్లకి కొట్టుంటే పోయేదేమో రా అన్నాడు. ఆ మందు వైరస్‌ది కాదు నాయనా, తామర పురుగులది అన్నా. చేనుకీ అది పనిచెయ్యలేదులే అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.